పన్నెండుతో కాదు, ముప్ఫై రెండుతో

పద్దెనిమిదేళ్ళ వయసులో నాకు రెండు బాగా వచ్చు: లెక్కలు, కోపం. ఈ రెండింట్లోనూ మా హాస్టల్లో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అరవైలు ముగుస్తున్న రోజులవి. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ మొదటి ఏడు అప్పుడే పూర్తి చేశాం. మాది తెనాలి పక్కన కొలకలూరు. తాత ముత్తాతల నుంచీ వరి పండించే ఇల్లే అయినా నాకు బురదలో కాలు పెట్టడమంటే మహా చిరాకు. పొలం పని తప్పించుకోవడానికే వీడు పొలం చదువులో చేరాడని మా నాన్న పదిమందిలో అనేవాడు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు గానీ ఆయన అన్నది అబద్ధం కాదు.

నా గదిలో ఉండేవాడు రేపల్లె కుర్రాడు. అన్నిట్లోనూ నాకు పూర్తిగా ఎదురు. మాట తక్కువ. వాడి చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒక్కతే నిలబడి వ్యవసాయం చేయిస్తోంది. కాలేజీ పొలంలో వాణ్ణి చూడాలి. మేం అరగంటసేపు ఆపసోపాలు పడి తీసే నారు వాడు పది నిమిషాల్లో తీసి కట్టలు కట్టి, గట్టు మీద కూర్చుని మాకోసం చూస్తుండేవాడు. ఇంగ్లీషు మాత్రం వాడి గొంతులో అడ్డం పడేది. ఇక డ్రాయింగు సంగతి సరేసరి. వాడు గీసిన మిడత బొమ్మ చూసి, ఇది ఏ జాతి గేదెరా అని అడిగాను. వాడూ నవ్వాడు. కోపం రాని మనుషులంటే నాకు ఒళ్ళు మంట, కానీ వాడి మీద మాత్రం ఎందుకో ఏనాడూ రాలేదు.

వాడి ఇంట్లో ఒకే ఒక్క షరతు. చేర్పించే రోజే తల్లి చెప్పేసిందట: "నాలుగేళ్ళు చదువుకో, ఈలోపు నేను చూసుకుంటా. అయిదో ఏడు నా వల్ల కాదు. మధ్యలో ఒక్క ఏడు పోయినా వచ్చి నాగలి పట్టాలి." అది బెదిరింపు కాదు. ఆవిడకి అప్పటికే మోకాళ్ళు పట్టేసేవి, గట్టు దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. మాలాంటివాళ్ళం ఏడాది పోతే ఇంట్లో నాలుగు తిట్లు తిని మళ్ళీ చదువుకుంటాం. వాడికి ఏడాది పోతే చదువే పోయినట్టు. ఈ విషయం హాస్టల్లో నాకొక్కడికే తెలుసు.

అప్పట్లో మాకు మార్కులు తీసేసి గ్రేడులు పెట్టారు. కొత్త పద్ధతి. మా అన్నయ్యల కాలంలో ప్రతి పేపరూ నూటికే ఉండేది, అన్నీ కూడి ఎన్ని పేపర్లుంటే అన్నింటితో భాగిస్తే సగటు వచ్చేది. మాకు ఏ అంటే నాలుగు పాయింట్లు, బి అంటే మూడు, సి అంటే రెండు, డి అంటే ఒకటి. ఏడాది మొత్తానికి సగటు రెండు వస్తే రెండో ఏడుకి వెళ్తాం. వెంట్రుకవాసి తగ్గినా మొదటి ఏడు మళ్ళీ చదవాల్సిందే. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ సగటు ఎలా కట్టాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదని అనుకునేవాళ్ళం. నిజానికి చేరిన రోజునే ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. అరవై పేజీలు. ఎవడు చదువుతాడు? ఇంగ్లీషు వచ్చిన నేనే చదవలేదు. నా మంచం ఒక కోడు పొట్టిగా ఉండి ఊగుతుంటే దాన్ని కింద పెట్టాను. ఏడాదంతా ఆ పుస్తకం మీదే హాయిగా పడుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గ్రేడులు బోర్డు మీద పెట్టారు. సగటులు పెట్టలేదు. అవి సోమవారం రిజిస్ట్రేషన్ నాడు ఆఫీసు కిటికీ దగ్గర చెబుతారట. ఆ రోజు సాయంత్రం అయిదింటిలోపు వచ్చి సంతకం పెట్టనివాడికి, సగటు ఎంతున్నా సరే, ఆ ఏడు పోయినట్టే. సోమవారం దాకా ఆగే ఓపిక ఎవరికుంది? కాగితాల మీద గ్రేడులు రాసుకుని అందరూ నా గది మీద పడ్డారు. "నాది చూడరా", "ముందు నాది చూడు, గుండె ఆగిపోయేట్టుంది" అని ఒకటే గోల. నేను మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కడి పాయింట్లు కూడి పన్నెండు సబ్జెక్టులు కాబట్టి పన్నెండుతో భాగించి, తీర్పులు చెప్పాను. ఆ సాయంత్రం నా దర్జా చూడాలి. ఒకడికి రెండు పాయింట్ సున్నా ఎనిమిది వచ్చిందంటే వాడు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు, అదేదో నేనే ఇచ్చినట్టు. నా సంగతికొస్తే ఇంగ్లీషు, లెక్కలు, డ్రాయింగు, ఎన్‌సీసీ అన్నింట్లో ఏ. మొత్తం ఇరవై తొమ్మిది పాయింట్లు. సగటు రెండు పాయింట్ నాలుగు పైనే. పొలం పనిలోనూ, నేలల్లోనూ డి వచ్చినా ఎవడికి కావాలి?

అందరూ వెళ్ళాక మా వాడు తన కాగితం ఇచ్చాడు. కూడితే ఇరవై రెండు. పన్నెండుతో భాగిస్తే ఒకటి పాయింట్ ఎనిమిది మూడు. మళ్ళీ కూడాను. మళ్ళీ భాగించాను. మూడోసారి కింది నుంచి పైకి కూడాను. అంకెలు మారలేదు.

"ఎంతరా?" అన్నాడు.

చెప్పాను.

"అంతేనా?"

"అంతే. రెండు పాయింట్లు తక్కువ. పీటీలో కూడా డి ఏంట్రా నీకు? పొద్దున్నే లేచి నాలుగు చుట్లు పరిగెత్తడానికి ఏం రోగం?" అని వాణ్ణే తిట్టాను. నాకు బాధ కలిగితే అది కోపంగానే బయటికొస్తుంది, ఇప్పటికీ అంతే.

"ఆ టైముకి కాలేజీ పొలంలో నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాణ్ణి కదరా," అన్నాడు నెమ్మదిగా. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సర్లే, నువ్వేం చేస్తావు."

శనివారం నేను స్నేహితులతో ఊళ్ళోకి వెళ్ళి టిఫిన్ తిని, అటునుంచి అటే సినిమాకి పోయాను. వచ్చేసరికి వాడి మంచం మీద పరుపు లేదు, పెట్టె లేదు. చిన్న చీటీ కూడా పెట్టలేదు. పొద్దున్నే పెట్టె భుజాన వేసుకుని స్టేషన్ వైపు వెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు. లెక్క కట్టింది నేను, సరే. వెళ్ళొస్తానని చెప్పే తీరిక కూడా లేకుండా నేను సినిమాలో కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే నేలల పాఠం చెప్పే మాస్టారు సైకిల్ మీద హాస్టల్‌కి వచ్చాడు. కొత్త పద్ధతిలో ప్రతి విద్యార్థికీ ఒక మాస్టారు అడ్వైజరుగా ఉండేవాడు. రిజిస్ట్రేషన్ కార్డు మీద ఆయన సంతకం పడాలి. మా వాడికి ఈయనే అడ్వైజరు. నా అడ్వైజరు సెలవులో ఉన్నాడు, సోమవారం గానీ రాడు.

"మీ గదిలోవాడు ఏడయ్యా? సంతకానికి రాలేదే," అన్నాడు మాస్టారు.

"వెళ్ళిపోయాడండి. ఏడు పోయింది కదండీ."

"ఎవరు చెప్పారు పోయిందని?"

"నేనే లెక్క కట్టానండి. ఒకటి పాయింట్ ఎనిమిది మూడు."

మాస్టారు సైకిల్ దిగి స్టాండ్ వేశాడు. "వాడికి రెండు పాయింట్ ఒకటి రెండు వచ్చింది. నిన్న నేనే కట్టి ఆఫీసులో ఇచ్చాను. నువ్వు దేంతో భాగించావు?"

"పన్నెండుతోనండి. పన్నెండు సబ్జెక్టులు కదా."

"పన్నెండుతో కాదయ్యా, ముప్ఫై రెండుతో భాగించాలి."

నాకు నోట్లో ఉన్న నురగతో సహా కోపం వచ్చింది. పేస్టు ఉమ్మేసి వాదనకి దిగాను. ఉన్నవి పన్నెండైతే ముప్ఫై రెండు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగాను. ఆయన విసుక్కోలేదు. పుల్ల ఒకటి తీసుకుని హాస్టల్ ముందు ఇసుకలో రాయడం మొదలుపెట్టాడు. నేలల పాఠం వారానికి నాలుగు గంటలు, కాబట్టి దానికి నాలుగు క్రెడిట్లు. ఇంగ్లీషుకి రెండు. డ్రాయింగుకి ఒకటి. పీటీకి ఒకటి. గ్రేడుకి వచ్చిన పాయింట్లని ఆ క్రెడిట్లతో హెచ్చవేసి, వచ్చినవన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. మొత్తం క్రెడిట్లు ముప్ఫై రెండు.

"మీ వాడికి నేలల్లో బి. మూడు నాలుగులు పన్నెండు. సేద్యంలో బి, ఇంకో పన్నెండు. పొలం పనిలో ఏ, మూడు క్రెడిట్లు, ఇంకో పన్నెండు. డ్రాయింగు, పీటీ, ఎన్‌సీసీ మూడింట్లో డి వస్తే వాడికి పోయిందేముంది? అవి మూడూ కలిపినా ఒక్క నేలల పాఠం అంత ఉండవు. మొత్తం అరవై ఎనిమిది. కట్టుకో ఇప్పుడు."

అరవై ఎనిమిదిని ముప్ఫై రెండుతో భాగించాను. రెండు వచ్చి ఇంకా నాలుగు మిగిలింది. నా కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఎంత అందమైన లెక్క అది! వాడు ఏడాదంతా దేనికి ఒళ్ళు వంచాడో దానికి పెద్ద పీట వేసింది. గంట పనికి గంట విలువ, నాలుగు గంటల పనికి నాలుగు గంటల విలువ. ఇంత సంగతి నాకు ఎందుకు తట్టలేదు అని నెత్తి కొట్టుకుంటూనే వాడి కార్డు నాకివ్వమని మాస్టారి వెంట పడ్డాను. ఆయన సంతకం పెట్టి ఇస్తూ, "రేపు అయిదింటిలోపు వాణ్ణి తీసుకురా. తర్వాత నేనేం చెయ్యలేను," అన్నాడు. గదిలోకి పరిగెత్తి చొక్కా తగిలించుకుని, వరండాలో కనిపించినవాడికల్లా "పన్నెండుతో కాదురా, ముప్ఫై రెండుతో" అని కేకేస్తూ స్టేషన్‌కి పరుగు తీశాను. వాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారట.

తెనాలి వెళ్ళే ప్యాసింజర్ కదులుతుండగా ఎక్కాను. కిటికీ పక్కన నిలబడితే బొగ్గు నలుసులు కళ్ళల్లో పడుతున్నాయి, అయినా పక్కకి జరగలేదు. నాలో నేనే హెచ్చవేసుకుంటూ నవ్వుకుంటుంటే ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన, తెనాలిలో బట్టల వ్యాపారమట, సాయిబుగారు, "ఏంటి బాబూ, ఒక్కడివే నవ్వుకుంటున్నావు?" అన్నాడు. ఇంకేం, అడగడమే ఆలస్యం. ఆయనకి మొత్తం పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంటే గంట పనినీ, నాలుగు గంటల పనినీ ఒకే వరసలో నిలబెట్టకూడదు, అంతేనా?" అన్నాడు. "అంతే బాబాయ్, అంతే," అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను.

అప్పుడే నా సగటు సంగతీ గుర్తొచ్చింది. కానీ దాన్ని కట్టి చూడాలని తోచలేదు. మా వాడి ఒకటి పాయింట్ ఎనిమిది కాస్తా రెండు పాయింట్ ఒకటి అయితే, నా రెండు పాయింట్ నాలుగు ఎక్కడికి పోయి కూర్చుంటుందో, మూడు దగ్గరికి పోతుందేమో అని సంబరపడ్డాను. కొత్త లెక్కతో అందరికీ పెరుగుతుందనే అనుకున్నాను. లెక్కల్లో ఏ వచ్చినవాణ్ణి, నా తెలివి అలా ఏడ్చింది.

తెనాలిలో బండి దిగేసరికి రేపల్లె బండి కూత వేసింది. వంతెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి అవతలికి దిగాను. నేను చివరి మెట్టు మీద ఉండగా ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటింది. గార్డుని, ఇంజన్ని, రైలు కనిపెట్టినవాణ్ణి వరసపెట్టి తిట్టి బస్టాండుకి పరిగెత్తాను. బస్సు నిండిపోయి ఉంది. కండక్టర్ "తర్వాత బస్సుకి రా తమ్ముడూ" అంటే, "అన్నా, ఒక మనిషి చదువు ఆగిపోతుంది, నన్ను ఎక్కించుకో" అన్నాను. ఏమనుకున్నాడో, పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చాడు. అక్కడే వేలాడుతూ రేపల్లె చేరాను.

వాళ్ళ ఇల్లు ఊరి చివర కాలవ గట్టు దాటాక. తొలకరికి ముందు రోజులు, దుక్కిలో పశువుల ఎరువు తోలుతున్నారు. వాకిట్లో ఎద్దుబండి ఆగి ఉంది. మా వాడు లుంగీ ఎగగట్టి బండి మీద నిలబడి పారతో ఎరువు ఎక్కిస్తున్నాడు. ఒక్క రోజులో కాలేజీ వాసన మొత్తం వదిలిపోయినట్టున్నాడు. వాళ్ళమ్మ చేతికర్ర పట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది.

"రెండు పాయింట్ ఒకటి రెండు," అని గట్టు మీంచే అరిచాను. ఎద్దులు తప్ప ఎవరూ తల తిప్పలేదు. దగ్గరికి పోయి కార్డు చూపించి, ఆయాసంతో మింగేసిన మాటలు మింగేయగా మిగిలినవి చెప్పాను. మా వాడు పార కింద పెట్టాడు. వాడి మొహంలోకి రక్తం వచ్చింది. కానీ వాడు నావైపు చూడలేదు, వాళ్ళమ్మ వైపు చూశాడు.

ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోమంది. లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి మొదలుపెట్టింది.

"శుక్రవారం పోయిందని లెక్క కట్టింది నువ్వే కదా బాబూ?"

"అవునండి."

"ఇవాళ ఉందని కట్టింది?"

"మాస్టారు కట్టారండి. నేనూ కట్టి చూశాను."

"పాలేరుకి ఈ ఏడు వద్దని నిన్న సాయంత్రమే చెప్పేశాను. వాడు ఇంకో కమతం ఒప్పుకోబోతున్నాడు. ఇప్పుడు నేను పోయి మళ్ళీ రమ్మని అడగాలి. రేపు ఇంకో లెక్క కట్టి, లేదు పిన్నిగారూ పోయిందని వస్తే? వీడూ ఉండడు, పాలేరూ ఉండడు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు. అర్థమైతేనే పంపుతా."

నేను మొదలుపెట్టాను. క్రెడిట్లు అన్నాను, గ్రేడ్ పాయింట్లు అన్నాను. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. నాకు కోపం ముక్కు దాకా వచ్చింది, ఆవిడ మీద కాదు, నా నోటి మీద. రైల్లో సాయిబుగారికి క్షణంలో చెప్పినవాణ్ణి ఇక్కడ తడబడుతున్నాను.

"ఆ ముప్ఫై రెండూ ఏంటి?" అని అడిగిందావిడ.

"గంటలండి. ఒక్కో చదువుకి వారానికి ఇన్ని గంటలని ఉంటుంది. నేలలకి నాలుగు, బొమ్మలు గీయడానికి ఒకటి. అన్నీ కలిపితే ముప్ఫై రెండు."

ఆవిడ కాసేపు బండి వైపు చూసింది. "అంటే చెక్క ఎంతుందీ అని."

"ఆఁ?"

"మాకు కాలవ కింద మూడెకరాల చెక్క ఒకటుంది. నిరుడు ఎకరానికి ఇరవై బస్తాలైంది. ఆ మూల అరెకరం చవిటి చెక్క. అక్కడ ఎకరానికి పది చొప్పున పడింది. నువ్వు శుక్రవారం కట్టింది ఎట్లాగంటే, ఇరవై, పది, రెండు చెక్కలు, సగటున పదిహేను. అంతేనా?"

"అంతేనండి."

"పదిహేను చొప్పున మూడున్నర ఎకరాలకి యాభై రెండున్నర బస్తాలు. నా గాదెలో పడ్డది అరవై అయిదు. మిగతా పన్నెండున్నర బస్తాలు ఎవడెత్తుకుపోయాడు బాబూ?"

నాకు కొరడాతో కొట్టినట్టయింది. ఆవిడకి సంతకం పెట్టడం కూడా రాదు. నేను అరవై పేజీల పుస్తకం మీద ఏడాది పడుకుని తెలుసుకోలేనిది, మాస్టారు ఇసుకలో రాస్తే గానీ బుర్రకెక్కనిది, ఈవిడ బండి వైపు చూస్తూ తేల్చేసింది. రైతు కొడుకునై ఉండి నాకు చెక్కలు గుర్తు రాలేదు. మా కొలకలూరులో ఏ చేను గట్టు మీద అడిగినా చెప్పేవాళ్ళు.

"మా వాడికి పెద్ద చెక్కల్లో బాగా పండింది. చవిటి చెక్కలో పోయింది. అంతే కదా నువ్వు చెప్పేది?" అంది.

"అంతేనండి, పిన్నిగారూ, అచ్చంగా అంతే."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "కాళ్ళు కడుక్కో. సాయంత్రం బండికి వెళ్ళు. పాలేరుకి నేను చెప్పుకుంటా." వాడు బండి మీంచి దూకి, ఏం చెయ్యాలో తోచక ఎద్దు మెడ నిమిరాడు. నాకైతే అరుగు మీద గంతులేయాలనిపించింది. వేశాను కూడా. ఆవిడ నవ్వింది, నేను వచ్చాక అదే మొదటిసారి.

అన్నం వడ్డించే లోపు ఆవిడ అడిగింది: "మరి నీదెంత పండింది బాబూ?"

దేనికోసం ఎదురుచూస్తున్నానో అదే అడిగింది. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తెచ్చుకుని అరుగు మీద గీతలు గీశాను. ఆవిడ ఒక్కొక్కటే అడుగుతోంది, నేను రాస్తున్నాను. ఇంగ్లీషు, రెండు గంటలు, నాలుగు పాయింట్లు, ఎనిమిది. లెక్కలు, ఎనిమిది. డ్రాయింగు, ఒక గంట, నాలుగు. ఎన్‌సీసీ నాలుగు. "బాగా పండించావే," అంది. పీటీ మూడు. ఆర్థికశాస్త్రం తొమ్మిది.

"నేలలు?"

"నాలుగు గంటలండి. ఒకటి." నాలుగు అని రాశాను.

"సేద్యం?"

"నాలుగు గంటలు. ఒకటేనండి." మళ్ళీ నాలుగు.

వృక్షశాస్త్రం, ఇంకో నాలుగు. రసాయనం ఎనిమిది. పురుగులు మూడు. మా వాడు నా భుజం మీంచి చూస్తున్నాడు. పొలం పని దగ్గరికి వచ్చేసరికి వాడు నెమ్మదిగా అక్కణ్ణుంచి లేచి, విస్తళ్ళు తెస్తానని లోపలికి పోయాడు. వాడికి నాకన్నా ముందే తెలిసిపోయిందన్నమాట. నేను మూడు అని రాసి, గీత గీసి, కూడాను. అరవై రెండు. రెండు సగటు రావాలంటే అరవై నాలుగు ఉండాలి. మళ్ళీ కూడాను, కింది నుంచి పైకి. అరవై రెండే. ఒకటి పాయింట్ తొమ్మిది నాలుగు.

"రెండు దాటిందా బాబూ?" అందావిడ. ఆవిడకి అంకెలు చదవడం రాదు.

"దాటిందమ్మా," అని లోపల్నుంచి మా వాడు అన్నాడు. అబద్ధం ఆడటం చేతకాని గొంతు.

"లేదండి," అన్నాను. "దాటలేదు. నా ఏడు పోయింది."

ఆవిడ అరుగు మీది బొగ్గు గీతలు చూసి, తర్వాత నా మొహం చూసింది.

"ఇది తెలిసుంటే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణండి," అన్నాను వెంటనే. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చేవాణ్ణనే అనుకోవాలని ఉంటుంది. సినిమా హాల్లో కూర్చున్న శనివారం గుర్తొస్తే అంత నమ్మకంగా అనలేను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అన్నంలో నెయ్యి రెండు గరిటెలు ఎక్కువే పోసింది.

సోమవారం హాస్టల్లో నాకు జరిగిన మర్యాద చెప్పనక్కర్లేదు. నన్ను ఎత్తుకు తిప్పినవాడికి కూడా రెండు తగ్గింది, వాడు నన్ను మళ్ళీ ఎత్తాడు, ఈసారి పడేయడానికి. ఆఫీసు కిటికీల దగ్గర రెండు వరసలు కట్టారు. రెండో ఏడుకి వెళ్ళేవాళ్ళు ఒక వరస, మొదటి ఏడే మళ్ళీ చదివేవాళ్ళు ఇంకొకటి. మా వాడు తన వరసలో నిలబడి, గుమాస్తా రెండు పాయింట్ ఒకటి రెండు అని చదవగానే పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం ఇంగ్లీషులో జాగ్రత్తగా దిద్ది సంతకం పెట్టాడు. నేను దూరం నుంచి చూస్తూ గట్టిగా ఈల వేశాను. ఏడాది పోయిన దిగులు గుండెలో ఉంది, వాడి సంతకం చూసిన సంతోషమూ ఉంది, ఏది ఎక్కువని అడిగితే ఆ క్షణానికి సంతోషమే.

సంతకం పెట్టి వాడు బయటికి పోలేదు. నేరుగా వచ్చి నా వరసలో, నా వెనకాల నిలబడ్డాడు. ఎండలో ఆ వరస గంటసేపు కదల్లేదు. గుమాస్తా కిటికీలోంచి తల పెట్టి, "నీది అయిపోయిందిగా అబ్బాయ్, ఇక్కడెందుకు?" అన్నాడు.

"తెలుసండి," అన్నాడు వాడు. నా వంతు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.